శిలాఫలకమున లేని మాట
(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పెద్దలు మమ్ము పిలిచి, మహాపురుషుల విగ్రహములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కోరిరి. అందులకు విజయవాడను మించిన చోటు లేదు. ఈ పట్టణమున నాలుగు వీథులు కలియుచోట నెల్ల ఒక మహనీయుడు నిలిచియున్నాడు. జయంతినాడు స్నానము, పూలదండ. తక్కిన దినములలో ఎండయు, దుమ్మును, కాకులును. వారందరిని గూర్చి మేము నేడు ప్రసంగింపబోము. దాస్యమున కెదురు తిరిగిన నాయకులకు మనము నిలిపిన విగ్రహములను గూర్చి మాత్రమే మాటలాడుదుము. అందును మా ప్రశ్న ఒక్కటే: ఆ విగ్రహముల క్రింద మనము ఏమి వ్రాసితిమి? ఏమి వ్రాయక విడిచితిమి?

బందరు రోడ్డు ప్రక్కన స్వరాజ్య మైదానమున డాక్టరు అంబేద్కరుగారి మహావిగ్రహమును మీరందరు చూచియే యుందురు. 2024 జనవరి 19వ తేదీన దాని ఆవిష్కరణము జరిగినది. విగ్రహము 125 అడుగులు; పీఠము 81 అడుగులు; వెరసి 206 అడుగుల ఎత్తు. సుమారు 400 కోట్ల రూపాయలు దానికై వెచ్చింపబడినవి. 'సామాజిక న్యాయ మహాశిల్పము' అని దానికి పేరు. అంతకు ముందటి సంవత్సరము, 2023 ఏప్రిలు 14వ తేదీన, హైదరాబాదునందును 125 అడుగుల అంబేద్కరు విగ్రహము నిలుపబడినది. తెలుగువారి రెండు రాష్ట్రములును ఒకే మహాపురుషుని ఇంత ఎత్తున నిలుపుట సామాన్యమైన విషయము కాదు. నూరేండ్ల క్రిందట ఈ పట్టణమున నివసించినవా రెవరైనను నేడు లేచివచ్చి చూతురేని, తమ కన్నులను తాము నమ్మజాలరు.

మరి ఆ విగ్రహమును గూర్చి పట్టణము మిక్కిలిగా వాదులాడిన దెప్పుడు? 2024 ఆగస్టు నెలలో ఒక రాత్రి, ఆవిష్కరించిన ముఖ్యమంత్రి పేరును తెలుపు లోహాక్షరములను గుర్తు తెలియనివారు పెకలించినప్పుడు. ఆ పేరు ఉండవలెనని ఒక పక్షము. ఉండనక్కరలేదని వేరొక పక్షము. హోటళ్లలోను, పఠనమందిరములలోను కొన్నాళ్లు అదియే చర్చ. మేము ఏ పక్షము కొరకును ఇచటికి రాలేదు. పెకలించిన పని మంచిది కాదని మాత్రము చెప్పి ముందునకు సాగుదుము. కాని సోదరులారా, ఆవిష్కరించినవారి పేరు ఉండవలెనా వలదా అని ఇన్ని దినములు తర్కించిన మనము, అంబేద్కరుగారు ఏ దాస్యమును ఎదిరించిరో, ఆ దాస్యము మన యీ డెల్టాలో ఏ పేరుతో ఉండెనో, దానివలన లాభపడిన దెవరో ఆ పీఠముచెంత ప్రకటింపవలెనని ఒక్క దినమైనను తర్కించితిమా?

'దాస్యము' అను మాట వినగనే మన విద్యావంతుల మనస్సు సముద్రములు దాటిపోవును. ఆఫ్రికా ఖండము, ఓడల అడుగున గొలుసులు, అమెరికాలోని ప్రత్తి తోటలు జ్ఞాపకము వచ్చును. మన దేశమున అట్టిది లేదని ఒక ధీమా. చట్టమున కట్టి ధీమా లేదు. దాసుని పైన హక్కు కలదని కోర్టు కెక్కినచో అట్టి హక్కును న్యాయస్థానము అంగీకరింపరాదని 1843వ సంవత్సరపు 5వ చట్టము శాసించినది. 1860లో చేసిన శిక్షాస్మృతి మనుష్యుని దాసునిగా కొనుటయు, అమ్ముటయు నేరమని చెప్పినది. లేని వ్యాధికి ఎవరును మందు నూరరు గదా! 17వ శతాబ్దమున ఒలాందావారి కంపెనీ క్షామకాలములలో ఈ చోళమండల తీరపు రేవులలో మనుష్యులను కొని, బటేవియాకును సింహళమునకును ఓడల నెక్కించినది. ఆ కంపెనీకి మన బందరులోను కోఠీ ఉండెను.

చట్టము వచ్చినపిదప దాస్యము పోయినదా? పేరు మార్చుకొన్నది. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తి అయ్యెను. కాలువలు సాగెను, మెట్ట మాగాణి అయ్యెను, పెంకుటిండ్లు మేడలయ్యెను. మన కళాశాలలు, మన పత్రికలు, మన గ్రంథాలయములు, మన స్వరాజ్య సభలు కూడ ఆ వరిచేల పంటనుండి పుట్టినవే. అయితే ఆ చేలలో మోకాటిలోతు బురదలో దిగినవా డెవడు? పాలేరు. ఏరువాకకు ముందు వాని కుదుర్చుకొందురు. ఏడాదికి ఇన్ని కుంచముల ధాన్యము, ఒక పంచె, ఒక కంబళి. పెండ్లికో, చావుకో, రోగమునకో కొంత సొమ్ము అప్పు. అప్పు తీరువరకు వేరొక కామందువద్దకు పోరాదు. తీరుటకు జీతమున మిగులుబాటు లేదు. తండ్రి ముసలివాడైనచో కొడుకు వచ్చును. వాని కాళ్లకు గొలుసు లేదు. గొలుసు చిట్టాలో ఉండెను.

ఈ మాట మేము పుస్తకములు చదివి చెప్పుటలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా పూర్వుల యింటి అటకమీది పాత జమాఖర్చు పుస్తకములను చెదలు తినుచుండగా క్రిందికి దింపితిమి. అందులో ఒక పాలేరు పద్దు కనబడెను. పేరు ఒక్క మాట. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, తండ్రిపేరు లేదు. ఎద్దుల పద్దునకును వాని పద్దునకును నడుమ ఒక గీత మాత్రమే. కొడుకు పెండ్లికి ఇచ్చిన అప్పు, దానిపై వడ్డి, జబ్బుపడి పనికి రాని దినములకు కోత. పుటలు త్రిప్పుచుండగా ఒక సంవత్సరమున ఆ పేరు మానినది. దాని చోట వేరొక పేరు. ప్రక్కన 'వాని కొడుకు' అని యున్నది. పాత బాకీ మొత్తము, ఒక్క కాని తగ్గక, క్రొత్త పేరు క్రిందికి దిగినది. ఆ దస్తూరి మా తాతగారిది. ఆయన సత్యవంతుడనియు, ఖద్దరు ధరించి జైలునకు పోయి వచ్చినవాడనియు ఊరివారు నేటికిని చెప్పుకొందురు. ఆ రెండును నిజమే. ఈ పద్దును నిజమే. ఆ పాలేరు పేరు మేము ఇచట చెప్పము. వాని మునిమనుమలు ఈ ప్రాంతముననే గౌరవముగ బ్రదుకుచున్నారు. వారి అనుమతిలేక చెప్పుట మాకు తగదు.

ఒకే మనుష్యుడు తెల్లదొరల కెదురు తిరిగి, తన పొలమున దొరతనము చేయుట ఎట్లు పొసగెనని మీ రడుగవచ్చును. ఆ ప్రశ్నను ఆనాడే అడిగినవా రున్నారు. 1917 నవంబరులో ఈ పట్టణముననే ఒక సభ జరిగెను. గుడివాడలో సేవాశ్రమము నడపిన గూడూరు రామచంద్రరావుగారి పూనికతో పంచమ మహాజన సభ కూడెను. హైదరాబాదునుండి భాగ్యరెడ్డి వర్మగారు వచ్చి అధ్యక్షత వహించిరి. తమ్ము నలుగురి వెలుపల ఐదవవారిగా లెక్కించు 'పంచమ' శబ్దము తమకు వలదనియు, తాము ఈ నేలకు తొలివారమనియు చెప్పి, ఆ సభవారు 'ఆది ఆంధ్రు'లను పేరును గ్రహించిరి. ఆ దినములలో కనకదుర్గమ్మ గుడి తలుపులు మూయబడెనని చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. అమ్మవారి బిడ్డలు ఊరిలోనికి వచ్చిరని అమ్మవారి తలుపులు మూయుట! ఈ సభ జరిగిన సంగతి నేడు ఈ సభామందిరమున ఎందరికి తెలియును?

నాలుగేండ్లు గడచెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము ఇచట సమావేశమయ్యెను. మహాత్ముడు వచ్చెను. పింగళి వెంకయ్యగారు తాము సిద్ధపరచిన పతాకమును ఆయనకు చూపిరి. కోటి రూపాయల తిలకు నిధి, కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు అను మహాసంకల్పము ఈ నేలపైననే జరిగెను. ఆ ఘట్టమును మనము ప్రతి పాఠ్యపుస్తకమునను వ్రాసికొంటిమి, తగినదే. గరిమెళ్ల సత్యనారాయణగారి 'మాకొద్దీ తెల్లదొరతనము' అను పాట నాడు ఊరూర మ్రోగెను. ఆ కాలముననే రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్నగారు 'మాకొద్దీ నల్లదొరతనము' అని వేరొక పాట వ్రాసిరి. తెల్లవాని దొరతనము పోవలె ననుచున్నారు, బాగుగనే యున్నది. మా పాలేళ్ల వెట్టిమాట యేమి అని ఆయన అడిగెను. మొదటి పాటను మనము జాతీయ గీతములలో చేర్చితిమి. రెండవ పాటను ఒక జాతివారి పాట యని ప్రక్కన పెట్టితిమి. ఆ రెండు పాటలును కలిసిననే గాని స్వరాజ్యము అను మాటకు అర్థము పూర్తి కాదని మా తలంపు.

అంబేద్కరుగారి విగ్రహము ఈ పట్టణమున నిలుచుట ఎందువలన ఉచితమో ఇప్పుడు చెప్పవచ్చును. ఆయనను రాజ్యాంగ నిర్మాత యని స్తుతించి, పుస్తకము చేతికిచ్చి నిలిపితిమి. ఆ పుస్తకమున ఒక మాట యున్నది. 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయములను, వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించుచున్నది. అది 1950 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చెను. ఆయన కది పుస్తకములనుండి నేర్చిన విషయము కాదు. మహారాష్ట్ర గ్రామములలో మహారులు చిన్న వతను భూమికి బదులుగా పగలనక రేయనక ఊరివారికిని, సర్కారునకును చాకిరి చేయవలసి యుండెను. ఆ వతనుల సంస్కరణము కొరకు ఆయన 1928లోనే బొంబాయి శాసనసభలో బిల్లు తెచ్చిరి. అట్టివాని విగ్రహము పాలేళ్ల చెమటతో పండిన డెల్టా నడిబొడ్డున నిలుచుట కంటె తగిన దేమున్నది? కాని ఆ సంబంధమును ఎవరైన చెప్పవలెను గదా! చెప్పనిచో విగ్రహము ఎత్తు మాత్రమే మిగులును.

కృష్ణకు ఆవల, నాటి నైజాము సీమకు పోయి చూతము. అచటి దాస్యమునకు పేరు వెట్టిచాకిరి. దేశముఖుల గడీకి ప్రతి కులమువాడును తన వృత్తిని ఉచితముగ చేయవలెను: చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టవలెను, రైతు తన చేను ఎండినను దొర చేను దున్నవలెను. పాలకుర్తిలో కౌలుభూమి చేసికొని బ్రదికిన చాకలి ఐలమ్మ 1940లలో దీని నెదిరించి నిలిచెను. ఆమె పంటను కోసికొనిపోవుటకు విసునూరు దేశముఖు మనుష్యులు వచ్చినప్పుడు ఆంధ్రమహాసభ కార్యకర్తలు అండగా నిలువగా, ఆ ధాన్యము ఆమె యింటికే చేరినది. కామారెడ్డిగూడెమునకు చెందిన బందగీ అను చిన్న రైతు తన భూమికొరకు కోర్టులో పోరాడి గెలిచి, ఆ గెలుపును అనుభవింపక మునుపే హతుడయ్యెను. 1946 జులై 4వ తేదీన కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియయ్యెను. తెలంగాణ సాయుధ పోరాటమునకు ఆ మరణము నాంది.

ఇచట మన డెల్టావారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. బందగీకి తొలుత పెద్ద స్మారకము కట్టినది రాళ్లతో కాదు. కృష్ణాజిల్లావారైన సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు ఆ కథ ప్రేరణగా 'మాభూమి' నాటకము వ్రాసిరి. 1947 నుండి ప్రజానాట్యమండలి దళములు దానిని ఊరూర ఆడినవి. నాటి మదరాసు ప్రభుత్వము ఆ ప్రదర్శనలను నిషేధించినది. డెల్టా రైతులు చాపలు పరచుకొని కూర్చుండి, నదికి ఆవలి వెట్టివాని దుఃఖమునకు కన్నీరు కార్చిరి. ఇది చాల గొప్ప సంగతి. కాని ఆ చాపల వెనుక, నేలమీద, తన కామందుతో కూడ వచ్చి నిలుచుండిన పాలేరు ఏమి తలచెనో మనకు వ్రాసినవారు లేరు. ఆవలి గట్టు వెట్టిని చూచుట కంటికి సులువు. ఈవలి గట్టు చిట్టాను చూచుట కష్టము.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10వ తేదీన కన్నుమూసెను. ఆమె జీవించియున్న కాలమున ఆమెను పెద్దగా తలచినవారు లేరు. నేడు ఆమె విగ్రహములు తెలంగాణమంతట నిలుచుచున్నవి. హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టుదుమని 2024లో ప్రభుత్వము ప్రకటించినది. మంచిదే. కాని అందులో చదువు బాలిక, ఈమె ఎవరు, ఏమి పోరాడెను అని అడిగినచో, 'వీరనారి' అను ఒక్క మాటతో సరిపెట్టరాదు. నాలుగెకరముల పంట ఎవరిది అనుటయే ఆమె యుద్ధము. ఆ మాట ఫలకమున నుండవలెను.

అల్లూరి సీతారామరాజు విషయమును అట్టిదే. 2022 జులై 4వ తేదీన భీమవరములో ఆయనకు 30 అడుగుల కంచు విగ్రహము నిలిపిరి. విల్లు, బాణము, కాషాయము మన కన్నులకు నిండుగ నున్నవి. కాని 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగ మూడు దినములు పడిన ఆ మన్యపు జనము ఎందువలన ఆయన వెంట నడచెను? అడవిలో పోడు వ్యవసాయమును అడ్డగించినందువలన; ఘాటు రోడ్లు వేయుటకు బలవంతముగ పట్టుకొనిపోయి, కూలి సరిగా ఈయక బాధించినందువలన. అనగా ఆ తిరుగుబాటు మూలమున ఉన్నది వెట్టిచాకిరియే. అప్పునకు మనిషిని కట్టివేయు గోతి పద్ధతి ఏజెన్సీలో ఎంత బలముగ నుండెననగా, దానిని మాన్పుటకు మదరాసు ప్రభుత్వము 1940లో ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చెను. మనము బాణమును చెక్కితిమి, కూలిని చెక్కలేదు. రాజుగారితో కూడ పోరాడిన గాము గంటందొర, మల్లుదొర సోదరుల పేర్లు భీమవరము బజారులో నిలిపి అడిగినచో ఎందరు చెప్పగలరు?

ఇతర దేశములవా రేమి చేసిరో చూచుట మనకు మేలు. దక్షిణ అమెరికాలోని గయానాలో 1763లో బానిసలు తిరుగబడిరి. వారి నాయకుడు కఫీ. 1976లో జార్జిటౌను నగరమున ఆయనకు కంచు విగ్రహము నిలిపిరి. ఆ స్మారకమునకు 1763 అనియే పేరు. సంవత్సరమే పేరైనందున, 'ఆ యేట ఏమి జరిగెను?' అని చూచినవాడు అడుగక తప్పదు. హైటీ దేశమున బానిసలే తిరుగబడి 1804లో స్వతంత్ర రాజ్యము స్థాపించిరి. అచట తూసాఁ లూవర్త్యూరు వంటి మహానాయకులున్నను, 1967లో రాజధానిలో వారు నిలిపిన ప్రసిద్ధ విగ్రహము పేరులేని ఒక పారిపోయిన బానిసది. కాలికి తెగిన గొలుసు, నోట శంఖము. తోడివారిని పిలుచుచున్నాడు. నాయకునికి ముందు, పేరెరుగని వేలమంది ఉన్నారని ఆ విగ్రహము చెప్పుచున్నది.

మారిషసు ద్వీపము మనకు మరింత దగ్గర. బానిసత్వము రద్దయినపిదప చెరకు తోటల పనికి మన దేశమునుండి ఒడంబడిక కూలీలను 1834 మొదలు కొనిపోయిరి. కోరంగి రేవునుండి పోయినందున అచటి మన తెలుగువారికి కోరంగివారను పేరు కలిగెను. వారు దిగిన రేవు మెట్లు అప్రవాసీ ఘాటు. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. పారిపోయిన బానిసలు దాగిన ల మోర్న్ పర్వతమునకు 2008లో ఆ గౌరవము కలిగెను. ఒకే చిన్న ద్వీపమున బానిసకును, కూలికిని రెండింటికి స్మారకములు! మన తెలుగువారు పాలుపంచుకొన్న ఆ చరిత్రను అచటివారు భద్రపరచిరి. వారు ఓడ యెక్కిన ఈ తీరమున మనము ఏమి భద్రపరచితిమి?

వేరొక పాఠము ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమునుండి వచ్చినది. బానిసల వ్యాపారమున ధనము గడించిన కోల్‌స్టను అనునతనికి 1895లో అచట విగ్రహము నిలిపిరి. అతడు సద్గుణవంతుడు, ప్రాజ్ఞుడు అని ఫలకమున వ్రాసిరి. వ్యాపారము మాట వ్రాయలేదు. ఆ మాట చేర్చవలెనని నగరమున ఏండ్లకొలది చర్చ జరిగెను. క్రొత్త ఫలకమున ఏ వాక్యము ఉండవలెనో పెద్దలకు పొత్తు కుదరలేదు. తుదకు 2020 జూను 7వ తేదీన జనము ఆ విగ్రహమును పడగొట్టి, ఈడ్చుకొనిపోయి రేవులో పడవైచిరి. మేము ఆ పనిని పొగడుటకు చెప్పుటలేదు. ఒక నిజమైన వాక్యము వ్రాయుటకు ఏండ్లతరబడి వెనుదీసినచో ఏమగునో మీకు జ్ఞాపకము చేయుటకు చెప్పుచున్నాము.

ఇక మా మాటకు మీలో కొందరు చెప్పగల ఆక్షేపణలు మేమెరుగుదుము. 'మానిన గాయములను ఏల రేపవలెను? పాలేరు మనుమడును, కామందు మనుమడును నేడు ఒకే కచేరీలో ప్రక్కప్రక్క బల్లల వద్ద కూర్చుండి పనిచేయుచున్నారు. పాత పద్దులు తీసి వారి నడుమ గోడ కట్టవలెనా?' అని మొదటిది. గాయము మానినదా యని ముందు అడుగవలెను. ఈ డెల్టాలోనే, తెనాలికి దగ్గర నున్న చుండూరులో, 1991 ఆగస్టు 6వ తేదీన ఎనమండుగురు దళితులు చంపబడిరి. బ్రదికినవారు తమవారిని ఊరి నడుమ పూడ్చి, ఆ చోటిని 'రక్తక్షేత్రము' అనిరి. అది ఏ ప్రభుత్వమును కట్టని స్మారకము. 2022 మే 24వ తేదీన, కోనసీమ జిల్లాకు అంబేద్కరు పేరు పెట్టుటకై అమలాపురమున ఇండ్లు కాలినవి. పేరునకే మండువారు మానిన గాయములవారు కారు. గోడ మనము కట్టుటలేదు. ఉన్న గోడపై సున్నము కొట్టుట మానుడని అడుగుచున్నాము.

'విగ్రహములకు పెట్టు సొమ్ము అన్నమునకు పెట్టరాదా?' అనునది రెండవ ఆక్షేపణ. ఇందులో సత్యమున్నది. కాని ఈ మాటను చెప్పుటకు ముందు డెల్టాలోని ఏ పేటకైనను పోయి చూడుడు. నాలుగు రోడ్ల కూడలిలో, నీలిరంగు కోటుతో, చూపుడు వ్రేలు చాచి, చేత పుస్తకముతో నిలువెత్తు అంబేద్కరు విగ్రహముండును. చాల చోట్ల దానిని నిలిపినది కూలివారి చందాలు. ఒక పూట కూలి మానుకొని ఇచ్చిన రూపాయలవి. 'అన్నము చాలును, గౌరవము వలదు' అని వారు తలచలేదు. వారికి లేని సందేహము మన కేల?

కాబట్టి మేము చెప్పునది విగ్రహములు వలదని కాదు. దాస్యము నెదిరించిన నాయకుని నిలుపుట అనగా, ఆ దాస్యము ఉండెనని ఒప్పుకొనుట. ఒప్పుకొనక నిలిపిన విగ్రహము అలంకారము మాత్రమే. పేటలోనివారు నిలిపినప్పుడు అది వారి ప్రతిజ్ఞ. ఊరంతయు, ప్రభుత్వమును, కామందుల మనుమలమైన మేమును కలిసి నిలిపినప్పుడు అది ఒప్పుకోలు కూడ కావలెను.

మాటలతో విడువక మూడు పనులు సూచింపుదుము. మొదటిది: ఇట్టి ప్రతి విగ్రహముచెంత, చదువుకొన్న బాలుడు చదివి చదువురాని అవ్వకు చెప్పగలిగినంత తేట తెలుగులో, ఒక ఫలకము నిలుపవలెను. ఆ నాయకుడు ఎదిరించిన దాస్యము పేరేమి, అది ఎట్లు నడచెను, దానివలన ఎవరు నలిగిరి, ఎవరు బాగుపడిరి అనునది అందుండవలెను. ఆవిష్కరించినవారి పేరు ఉన్నను లేకున్నను మాకు చింతలేదు. స్వరాజ్య మైదానమున 1917 సభ మాటయు చెక్కవలెను.

రెండవది మన గ్రంథాలయముల పని. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో ఈ పట్టణముననే పుట్టినది. ఊరూర పుస్తకములు మోసి, బోట్లలో కూడ గ్రంథాలయములు నడపిన ఉద్యమమది. ఇప్పుడు వేరొక సేకరణము చేయవలెను. భూస్వాముల యిండ్లలోని పాత చిట్టాలు, ఆవర్జాలు చెదలు తినక ముందే అడిగి తీసికొని, పాలేళ్ల పేర్లను ఒక దస్త్రమున ఎక్కించి, వారి కుటుంబములవారి అనుమతితో, వారు చెప్పు కథలతో కూడ భద్రపరచవలెను. ఆ పేర్లకు ఇంటిపేర్లు తిరిగి చేర్చవలెను. మొదటి పుస్తకముగా మా యింటి జమాఖర్చును ఈ సభ ముగియగనే గ్రంథాలయాధికారికి ఒప్పగింతుము. కట్ట కట్టి తెచ్చియున్నాము. పాలేళ్ల పేర్లున్న పుటలను మాత్రము, వారివారు సరే యను వరకు, వేరుగ మూసి యుంచవలసినదని కోరుచున్నాము.

మూడవది నేటి పని. వెట్టి కట్టుబానిసత్వమును రద్దుచేయు చట్టము 1976లో వచ్చినది. ఆ అప్పులు చెల్లవనియు, ప్రతి జిల్లాలోను నిఘా సంఘము లుండవలెననియు అది చెప్పుచున్నది. అయినను బయానా సొమ్ము చేత బెట్టి, పిల్లాపాపలతో కుటుంబములను ఇటుక బట్టీలకు తోలుకొనిపోయి, బాకీ తీరువరకు కదలనీయని పద్ధతి మన రాష్ట్రములలో చావలేదు. విడిపింపబడిన కూలీల వార్తలు నేటికిని పత్రికలలో వచ్చుచునే యున్నవి. వచ్చు ఏప్రిలు 14వ తేదీన పూలదండ పట్టుకొని పీఠముకడకు పోవు ప్రతి పెద్దమనిషిని మనము ఒక ప్రశ్న అడుగుదము: 'అయ్యా, మన జిల్లా నిఘా సంఘము కడపటిసారి ఎప్పుడు కూడెను? ఎన్ని బట్టీలు చూచెను?' సమాధానము వచ్చు వరకు అడుగుచునే యుందము.

సోదరులారా, ఈ సభ విడిచి పోవునప్పుడు బందరు రోడ్డున ఆ విగ్రహముచెంత ఒక్క నిమిషము నిలువుడు. తల యెత్తి చూచుట యందరును చేయుదురు. మీరు తల దించి, పీఠముచెంత ఇంకను వ్రాయని ఆ వాక్యమున్న చోటును చూడుడు. దానిని వ్రాయవలసినవారము మనమే.